తేనెపెట్టెల విడిది

వైశాఖ శుద్ధ తదియ

ఐదు పెట్టెలూ బాగున్నాయి. నీళ్ళ పళ్ళెం రెండుసార్లు నింపాను.

ఈ చిట్టా ఇవాళ్టి నుంచి నేనే చెప్పాలని లంక పెద్ద, సరంగు మంగతాయారు గారు అన్నారు. మా ఏడో లంకలో చేపలు, కోళ్ళు కాకుండా వేరే ప్రాణులను పెంచేవాళ్ళు ఏ రోజు సంగతి ఆ రోజు లంగరు గది గోడకు చెప్పాలట. గోడ విని దాచుకుంటుంది. నేను వెళ్ళి గోడ ముందు నిలబడ్డాను. వెనక ఇద్దరు మగవాళ్ళు మోకులు చుట్టుకుంటూ ఉన్నారు. నోరు పెగల్లేదు. చివరికి మా ఆయన తాతబ్బాయి తన చేతిపలక నాకిచ్చి, "రాసి పంపెయ్. గోడ చదువుకుంటాదిలే" అన్నారు. కొండ మీద బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. చదివేవాళ్ళు తప్పులు దిద్దుకోవాలి.

ఇవాళ పాటు వేళ నీళ్ళు బాగా తీసినప్పుడు లంక తోక ఇసుక మేటకు తగిలింది. వంటింట్లో గిన్నెలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. మా అత్త బుల్లెమ్మ చిన్నప్పుడు లంకంటే గోదావరి మధ్యలో ఉన్న నేలట. ఇప్పుడు లంకంటే డబ్బాల మీద తేలే ఊరు. అడుగున తగిలింది ఆ పాత నేలే. రెండు డబ్బాలు పగిలి, తోక వైపు వీధిలోకి నీళ్ళు వచ్చాయి.

సాయంత్రం సరంగు గారు అందరినీ పిలిచారు. ఇంకో నాలుగు పాట్లు ఇలాగే తగిలితే లంక అడుగు చీలిపోతుందని, పున్నమి పోటుకు లాంచీలు కట్టి లంకను పక్కనున్న లోతు పాయలోకి లాగాలని చెప్పారు. "ఎంతో దూరం కాదు. కూతవేటు" అన్నారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

నాకు మాత్రం అన్నం సయించలేదు.

చవితి

ఐదు పెట్టెలూ బాగున్నాయి. రెండో పెట్టెలో ఈగలు కొత్త తేనెపట్టు కడుతున్నాయి.

"కూతవేటే కదే, దానికెందుకంత బెంగ?" అని ఆయన అడిగారు.

"అదేనండి బెంగ. చాలా దూరమైతే బెంగే లేదు."

ఆయనకు అర్థం కాలేదు. తేనెటీగకు ఇల్లంటే పెట్టె కాదని, పెట్టె ఉన్న చోటని చెప్పాను. బయటికి పోయేముందు అది మడ అడవి అంచునూ, గుంజలనూ, గాలిమర నీడనూ గుర్తు పెట్టుకుంటుంది. తిరిగి సరిగ్గా అక్కడికే వస్తుంది. మా కొండ మీద పెట్టెను జరపాలంటే రోజుకు జానెడు జరుపుతారు. లేదంటే రెండు కొండల అవతలికి, వాటికి ఏమీ తెలియని చోటికి మోసుకుపోతారు. తెలియని చోటైతే మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటాయి. కూతవేటు దూరమైతే అన్నీ తెలిసిన గుర్తులే కాబట్టి నేర్చుకోవు. పాత చోటికే వచ్చి, ఏమీ లేని గాలిలో తిరిగి తిరిగి నీళ్ళలో పడిపోతాయి.

"అదేంటే? లంకతోపాటు పెట్టె వస్తాది. పెట్టె మన ఇంటెనకే ఉంటాది. మన ఇల్లు మూడో వీధిలోనే ఉంటాది. ఏం మారిందంటావ్?"

లంకవాళ్ళంతా ఇలాగే అనుకుంటారు. ఆయన చిన్నప్పుడు లంక ఒక్క లంగరు మీద ఉండి, పోటుకు ఒకవైపు, పాటుకు ఒకవైపు తిరిగేదట. పొద్దున వాకిట్లో ఉన్న ఎండ సాయంత్రమూ వాకిట్లోనే ఉండేదట. ఇప్పుడు నాలుగు గుంజలకు కట్టారు, తిరగదు. అయినా ఎవరూ తూర్పు, పడమర అనరు. ముక్కు వైపు, తోక వైపు అంటారు. వీళ్ళు లంకను ఎంత దూరం లాగినా తాము కదిలామని అనుకోరు.

ఎలా చెప్పాలో తెలియక నా సంగతే చెప్పాను. కాపురానికి వచ్చిన కొత్తలో తెల్లవారుజామున నిద్రమత్తులో లేచి, మా కొండింట్లో తలుపు ఎటుంటుందో అటే నడిచేదాన్ని. ఇక్కడ అటు గోడ ఉంది.

"అవునవును, నుదురు బొప్పి కట్టింది కదూ! అమ్మేమో నేను కొట్టాననుకుని నన్ను తిట్టింది" అని ఆయన నవ్వారు. తర్వాత "ఎన్నాళ్ళు పట్టింది ఇటు తిరగడానికి?" అన్నారు.

"నెల."

"అయితే సరంగు గారికి చెప్పు."

"మీరే చెప్పండి."

"నాకే ఇప్పుడు తెలిసిందే. ఎదురు నాలుగు అడిగితే ఏం చెప్పను?"

షష్ఠి

ఐదు పెట్టెలూ బాగున్నాయి. నేను బాగాలేను. ఇవాళ సభలో మాట్లాడాను.

పొద్దున్నే గుమ్మడి పందిళ్ళ దగ్గర కూడారు. నేను అత్త వెనక నిలబడి ఆమె చెవిలో చెబుతున్నాను. సరంగు గారు చూసేశారు. "ఏంటా గుసగుస? బుల్లెమ్మ గారూ, మీ చెవిలో చెప్పేదేదో మాకూ వినిపించమనండి మీ కోడల్ని."

"నోరు తెరిస్తే పళ్ళు రాలిపోతాయని దానికి భయమండి" అని అత్త నన్ను ముందుకు తోసింది. "చెప్పవే! రాత్రంతా నా బుర్ర తిన్నావ్ కదా."

చెప్పాను. కాళ్ళు చూసుకుంటూ చెప్పాను. లంక కదలకముందే పెట్టెలను పడవలో పాత దీపస్తంభం దిబ్బకు తీసుకుపోవాలి. రెండు గంటల దారి కాబట్టి అక్కడ ఈగలకు ఏ గుర్తులూ ఉండవు. దిబ్బ మీద గానుగ చెట్లు పూత మీద ఉన్నాయి. అక్కడ కొన్నాళ్ళుండి ఈ చోటు మరిచాక, లంక కొత్త చోటికి తీసుకురావాలి.

"అంటే విడిదా?" అంది మా పక్కింటి వరహాలు. "మా పెళ్ళప్పుడు మగపెళ్ళివారికే విడిది దొరక్క వంటపడవలో పడుకోబెట్టాం. ఈగలకి విడిదంట!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుపు వస్తుంటే.

"ఎన్నాళ్ళమ్మా?" అన్నారు సరంగు గారు.

"మూడు వారాలైతే మేలండి."

అప్పుడు ఎవరూ నవ్వలేదు. పందిళ్ళ నిండా పూత ఉంది. నేను రాకముందు ఇక్కడ ఆడవాళ్ళందరూ చీకటితో లేచి, కోడి ఈకలతో మగపువ్వు పుప్పొడి తీసి ఆడపువ్వుకు అంటించేవారు. దానికి ముందు ఎవరో మర ఈగలను పంపారట. ఉప్పుగాలికి తుప్పు పట్టి అవి ఉసిళ్ళలా రాలిపోయాయి. ఇప్పటికీ పిల్లలు వాటిని దారానికి గుచ్చి మెడలో వేసుకుంటారు. నేను పెళ్ళిసారెలో ఒక పెట్టె తెచ్చాను. అది ఐదైంది. ఈ ఏడాదే ఈకలు మానేశారు.

వరహాలు తన చెయ్యి చాపి చూపించింది. "చూడమ్మా పైడమ్మా, ఈ మణికట్టు వాపు ఇప్పుడిప్పుడే తీసింది. మళ్ళీ పట్టమంటావా ఈకలు?"

నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. "ఇప్పుడు కొన్నాళ్ళు పట్టకపోతే, ఈగలు పోయాక ఎప్పుడూ పట్టాలి కదండి" అన్నాను. అని భయపడి మళ్ళీ అత్త వెనక్కి వెళ్ళిపోయాను.

సరంగు గారు చాలాసేపు పందిరి వైపు చూశారు. "పున్నమి నుంచి అమావాస్య దాకా ఇస్తాను. అమావాస్య పోటుకి తెచ్చెయ్యాలి. అంతకన్నా పూత ఆగదు. చాలునా?"

చాలునో లేదో నాకు తెలియదు. "చాలునండి" అన్నాను.

దశమి

ఐదు పెట్టెలూ బాగున్నాయి. రెండో పెట్టెలోని కొత్త పట్టు తీసేశాను. మెత్తటి పట్టు ప్రయాణంలో విరిగి రాణి మీద పడుతుంది. ఒకరోజు పని వాటికి వృథా అయింది. బాధపడ్డాను.

ఆయన పెట్టెల తలుపులకూ, పైకప్పులకూ సరిపడా దోమల జాలీ కత్తిరించి, మేకులు సిద్ధం చేశారు. కింద తలుపు మూసినా, పైన మూత తీసి జాలీ వేస్తే వేడి పోతుంది.

పెట్టెలను పడవలో ఎలా పెట్టాలన్న దాని మీద మాకు చిన్న గొడవ అయింది. పట్లు వేలాడే చట్రాలు పడవ పొడవునా ఉండాలన్నాను. మా కొండ బండ్ల మీద అలాగే పెడతారు. ఆయన ఒప్పుకోలేదు. "బండి ముందుకీ వెనక్కీ కుదుపుతాది. పడవ పక్కలకి ఊగుతాది. పొడవునా పెడితే పట్లు ఊయలూగి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అడ్డంగా పెట్టాల." ఒక గిన్నెను నీళ్ళలో తేల్చి, అందులో అట్టముక్క వేలాడదీసి, పక్కలకు ఊపి చూపించారు. ఆయన చెప్పిందే నిజం. అడ్డంగానే పెట్టాలనుకున్నాం.

నాతోపాటు దిబ్బకు అత్త వస్తానంది. ఆయన పున్నమి నాడు లంగర్ల పనిలో ఉండాలి. "కొత్త కోడల్ని ఒంటరిగా దిబ్బ మీద వదిలేస్తే నలుగురూ నా మొహాన ఉమ్ముతారు" అని పైకి అంది. మంచం, నీళ్ళ డబ్బాలు, ఆవకాయ జాడీ అప్పుడే సర్దేసింది.

త్రయోదశి

సాయంత్రం పెట్టెలు మూశాం. ఎండ దిగాక కూడా ఉక్కగా ఉండి, మూడో పెట్టె ఈగలు లోపలికి పోకుండా తలుపు ముందు గడ్డంలా వేలాడాయి. కొంచెం నీళ్ళు చిలకరించి, కొబ్బరిపీచు పొగ ఒక్కసారి పట్టాను. వానొచ్చిందనుకుని లోపలికి వెళ్ళాయి. చీకటి పడేదాకా చూసి, జాలీ బిగించాం. కొన్ని ఈగలు మడ పూల మీదే రాత్రి ఉండిపోయి ఉంటాయి. వాటిని ఏమీ చెయ్యలేను.

చతుర్దశి

నాలుగో పెట్టె బాగాలేదు.

తెల్లవారుతూనే బయలుదేరాం. ఆయన పడవ నడుపుతున్నారు. నేను ముందు వైపు కూర్చున్నాను. పెట్టెల దగ్గర అత్త. చల్లగాలికి పెట్టెలు సన్నగా హోరుపెడుతున్నాయి. అది మంచి హోరు.

సముద్రం గాలి తగలగానే ఉప్పుజల్లు మొదలైంది. లంకవాళ్ళకు ఉప్పుజల్లంటే ఎంత భయమో నేను చెప్పక్కర్లేదు. బియ్యం డబ్బా అయినా, పసిబిడ్డ అయినా, పడవలో విలువైనది ఏదుంటే దానిమీద టార్పాలిన్ కప్పి నాలుగు వైపులా బిగించి కడతారు. వెనక్కి తిరిగి చూసేసరికి నాలుగో పెట్టె మీద అత్త టార్పాలిన్ కప్పి కట్టేసింది. గాలి ఎక్కువ తగిలే మూల అదే. ఆ చిన్న టార్పాలిన్ ఆమె పెళ్ళినాటిది.

తీసెయ్యమని చెప్పాలి. ఆమె ఎంతో జాగ్రత్తగా అంచులు సర్దుతోంది. దిబ్బ కనబడుతోంది కదా, కాసేపు ఫరవాలేదేమో అనుకున్నాను. హోరు పెద్దదైంది. ఇంకా పెద్దదైంది. తర్వాత తగ్గిపోయింది.

తగ్గడం మంచిది కాదు.

"అత్తా, తియ్యి! తియ్యి అది!" అని అరిచాను. ఆమెను నువ్వు అన్నానని కూడా తెలియలేదు. పెట్టెల మీదుగా దూకి ముడి లాగాను. రాలేదు. ఆయన కత్తి విసిరారు, కోసేశాను. కింద తేనె కారుతోంది. వేడికి ఒక పట్టు కరిగి విరిగింది. పైన జాలీకి ఈగలు ఒకదాని మీద ఒకటి అంటుకుని గాలి ఆపేశాయి. అత్త ఒక్క క్షణంలో అంతా గ్రహించింది. మంచినీళ్ళ డబ్బా మూత తీసి, తన పైట తడిపి పిండుతూ జాలీ మీద జల్లింది. నేను విసనకర్రతో విసిరాను. దిబ్బ చేరేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. మాకు తాగడానికి తెచ్చిన నీళ్ళలో ఒక డబ్బా మొత్తం అయిపోయింది.

దిబ్బ మీద గానుగ నీడలో పెట్టెలు దించాం. నాలుగో పెట్టె అడుగున చచ్చిన ఈగలు చేటెడు ఉన్నాయి. అత్త వాటిని చేత్తో ఎత్తి ఒడిలో వేసుకుంది.

"నేనే చంపేశాను కదే."

"రాణి బతికే ఉందత్తా. చూశాను."

"ముందే చెప్పాల్సింది కదే! అంతసేపు నోరు కట్టుకుని కూర్చున్నావ్?"

తలుపులు తెరిచేముందు ఒక్కో తలుపుకు అడ్డంగా ఆకుల కొమ్మ గుచ్చాం. బయటికి రాగానే కొమ్మ అడ్డం తగిలితే, ఇదేదో కొత్త చోటని ఈగలకు తెలుస్తుంది. నేరుగా ఎగిరిపోవు. పెట్టె వైపు మొహం తిప్పి, వెనక్కి వెనక్కి పోతూ, చిన్న చుట్లు, తర్వాత పెద్ద చుట్లు తిరుగుతూ చోటు నేర్చుకుంటాయి. మిగతా నాలుగు పెట్టెల ఈగలు అలాగే తిరిగాయి. నాలుగో పెట్టె లోంచి పదో పన్నెండో వచ్చాయి.

పున్నమి

నాలుగు పెట్టెలు బాగున్నాయి. నాలుగో దానిలో కదలిక ఉంది.

పొద్దున్న పోటుకు దూరంగా లాంచీల పొగ చూశాం. ఏడో లంక ఇక్కడినుంచి బొటనవేలంత ఉంది. అది కదులుతోందో లేదో తెలియలేదు. తర్వాత ఆయన దగ్గరినుంచి పలకలో కబురు వచ్చింది. లంక లోతు పాయలోకి చేరింది, ఒక్క డబ్బా కూడా పోలేదు.

అత్త కళ్ళు తుడుచుకుని, "అయితే మనిల్లు ఎక్కడికీ పోలేదన్నమాట" అంది.

బహుళ విదియ

ఆయన నీళ్ళ డబ్బాలతో వచ్చారు. ఆయన చేతిలో అన్నం క్యారేజీ ఉంది. మూతకు చిల్లులు పొడిచి ఉన్నాయి.

"దీంట్లో ఏముందో చెప్పుకో."

చెవి దగ్గర పెట్టుకున్నాను. హోరు.

లంకను లాగిన సాయంత్రం పాత గుంజల దగ్గర మోకులు విప్పడానికి వెళ్ళారట. ఒక గుంజకు మామిడికాయంత ముద్దగా ఈగలు పట్టి ఉన్నాయట. పెట్టెలు మూసిన రాత్రి మడ అడవిలో ఉండిపోయినవి. "ఊరు ఎదురుగానే ఉందే. దీపాలు కనబడతన్నాయి. నాలుగు బారలు ఎగిరితే సరిపోద్ది. అయినా ఆ గుంజ చుట్టే తిరుగుతన్నాయి. ఎక్కడ పెట్టె ఉండేదో సరిగ్గా ఆ గాలిలోనే. నువ్వు చెప్పినప్పుడు నేను తలూపాను గానీ, నిజంగా నమ్మలేదు పైడీ."

చేతులకు తువ్వాలు చుట్టుకుని వాటిని క్యారేజీలోకి దులిపారట. మొహం మీద రెండు కుట్టాయి. ఒక కన్ను సగం మూసుకుపోయి ఉంది. అత్త చూసి, "నీ మొహానికి ఇప్పుడు కళొచ్చింది రా" అంది.

వాటిని నాలుగో పెట్టెలో కలిపాను. కొంచెం పంచదార నీళ్ళు చల్లితే కొట్టుకోకుండా లోపలికి వెళ్ళాయి.

షష్ఠి

నాలుగో పెట్టె వెళ్ళిపోవాలనుకుంటోంది.

రెండు రోజులుగా చూస్తున్నాను. మిగతా వాటిలోకి పసుపు పుప్పొడి వస్తోంది. నాలుగోదానిలోకి రావడం లేదు. దాచిన తేనె తాగేస్తున్నాయి. తెరిచి చూస్తే రాణి గుడ్లు పెట్టడం మానేసి సన్నబడింది. మూట కట్టుకుంటున్నాయన్నమాట. చెడిపోయిన ఇంట్లో ఉండడం కన్నా పోవడమే నయమనుకుంటాయి. కానీ ఇక్కడినుంచి పోతే చుట్టూ ఉప్పునీళ్ళే.

మా నాన్న ఇలాంటప్పుడు ఏం చేసేవాడో గుర్తుంది, కానీ నేను ఎప్పుడూ చెయ్యలేదు. మంచి పెట్టెలోంచి పిల్లపురుగులున్న పట్టు తీసి ఇందులో పెట్టాలి. పిల్లలుంటే మేపుతాయి. మేపుతూ ఉంటే పోవు. కానీ మొదటి పెట్టెలోంచి పట్టు తీస్తే, అదీ అలిగితే? ఒకటి పోయేది రెండు పోతాయి. అత్తను అడిగాను.

"నాకేం తెలుసే? నేను కప్పకూడని దాన్ని కప్పినదాన్ని."

"నాకూ తెలియదత్తా. అందుకే అడుగుతున్నాను."

ఆమె నాలుగో పెట్టె ముందు కూర్చుని కాసేపు చూసింది. "తాతబ్బాయి పుట్టకముందు నేను రెండుసార్లు ఈ లంక వదిలి పోదామనుకున్నాను. వాడు కడుపున పడ్డాక ఆ ఊసే రాలేదు. పెట్టు."

పెట్టాను.

దశమి

నాలుగో పెట్టెలోకి పుప్పొడి వచ్చింది. పొద్దున పుప్పొడి తెచ్చిన మొదటి ఈగను అత్తే చూసింది. చేపల కూర మాడిపోతున్నా పట్టించుకోకుండా నన్ను కేకేసింది. "ఒసే, దాని కాళ్ళకి పసుపు! దాని కాళ్ళకి పసుపు!"

మొదటి పెట్టె అలగలేదు.

మాకు మంచినీళ్ళు తక్కువగా ఉన్నాయి. ఈగల పళ్ళెం ముందు నింపి, తర్వాత మేం తాగుతున్నాం. అలా చెయ్యమని అత్తకు నేను చెప్పలేదు.

అమావాస్య

నిన్న సాయంత్రం మూసి, ఇవాళ తెల్లవారుతూనే బయలుదేరాం. దారిలో అత్త పెట్టెల దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. ఉప్పుజల్లు పడుతుంటే తాను తడుస్తూ అడ్డంగా కూర్చుంది, పెట్టెలకు గాలి ఆడేలా జానెడు ఎడం వదిలి.

కొత్త చోట లంకను మొదటిసారి చూశాను. మా ఇల్లు మూడో వీధిలోనే ఉంది. ఎండ మాత్రం వంటింటి వైపునుంచి వస్తోంది.

ఐదు పెట్టెలూ ఇంటి వెనక పెట్టి కొమ్మలు గుచ్చాం. నేను తలుపులు తెరిచేదాకా ఆయన ఆగలేదు. ఒక ఖాళీ పెట్టె పడవలో వేసుకుని పాత గుంజల దగ్గరికి వెళ్ళిపోయారు. దారి తప్పినవి వస్తే పట్టడానికి. పదిహేను రోజుల్లో మరిచాయో లేదో అక్కడే తెలుస్తుంది.

ఆడవాళ్ళంతా వచ్చారు. వరహాలు మణికట్టుకు గుడ్డ చుట్టుకుని ఉంది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అనకపోతే ఇంకా భయంగా ఉంటుంది. జాలీలు తీశాను. ఈగలు వచ్చాయి, కొమ్మను తడుముకున్నాయి, పెట్టె వైపు తిరిగి చుట్లు మొదలుపెట్టాయి. చుట్లు పెద్దవయ్యాయి. తర్వాత ఒకటొకటిగా గాలిలో కలిసిపోయాయి. ఎటు పోయాయో కంటికి ఆనలేదు.

"పోయాయా?" అంది వరహాలు మెల్లగా.

"తెలీదండి."

సరంగు గారు వచ్చి వెనక నిలబడ్డారు. చాలాసేపటికి ఒక ఈగ వచ్చి రెండో పెట్టె గుమ్మంలో వాలింది. తర్వాత ఇంకొకటి. తర్వాత లెక్క పెట్టలేనన్ని. నాలుగో పెట్టెలోకి కూడా. వాటి వీపుల మీద గుమ్మడి పువ్వు పుప్పొడి పిండి చల్లినట్టు ఉంది. వరహాలు చేతి గుడ్డ విప్పేసి, పందిరి వైపు వెళ్ళి కాయలు చూడడం మొదలుపెట్టింది.

నేను మాత్రం ఆయన కోసం చూస్తున్నాను. ఇక్కడికి వచ్చినవి కనబడతాయి. అక్కడికి పోయినవి నాకు కనబడవు.

పొద్దు వాలాక ఆయన వచ్చారు. ఖాళీ పెట్టె ఖాళీగానే ఉంది. మొహం ఎండకు కమిలిపోయింది.

"ఒక్కటీ రాలేదా?"

"ఎందుకు రాలేదు? చాలా వచ్చాయి." నా మొహం చూసి ఆయన చెయ్యి ఊపారు. "ఆగవే, చెప్పనీ. వచ్చాయి. గుంజ చుట్టూ ఒకసారి తిరిగాయి, రెండుసార్లు తిరిగాయి. నేను పెట్టె మూత తీసి రెడీగా ఉన్నాను. ఒక్కటీ దిగలేదు. తిరిగి తిరిగి, తిన్నగా మన లంక వైపే వెళ్ళిపోయాయి. నేనూ వాటెనకే పడవ తిప్పుకొచ్చేశాను."

నేను అనుకున్నది తప్పు. అవి ఏమీ మరిచిపోలేదు. రెండు చోట్లూ గుర్తున్నాయి.

జ్యేష్ఠ శుద్ధ తదియ

ఐదు పెట్టెలూ బాగున్నాయి. పాత గుంజల దగ్గర ఇప్పుడు ఏమీ తిరగడం లేదని ఆయన చెప్పారు. పందిరి మీద పిందెలు నిలిచాయి. ఆరో లంకవాళ్ళు ఒక పెట్టె అడిగారట. ఈగలను రెండు పెట్టెలుగా విడగొట్టడానికి కార్తీకం దాకా ఆగాలని సరంగు గారికి నేనే చెప్పాను.

రాత్రి అన్నాలప్పుడు అత్త ఉన్నట్టుండి, "కొండకి వెళ్ళి ఎన్నాళ్ళైందే నువ్వు?" అంది.

"పెళ్ళైనప్పటినుంచి వెళ్ళలేదత్తా."

"పెద్ద పడవ ఈ వారం పైకి వెళ్తందంట. వెళ్ళి రా. మీ అమ్మని చూసి రా."

వద్దన్నాను. పెట్టెలెవరు చూస్తారన్నాను. మళ్ళీ వచ్చేదాకా ఇక్కడ నా పనులు ఎవరు చేస్తారన్నాను. అత్త కంచంలో మజ్జిగ పోసుకుంటూ, "ఏ ఇంటికి తిరిగి రావాలో ఈగలకే తెలిసింది, నీకు తెలీదా? ఒకసారి తిరిగొస్తే ఏం పోద్ది?" అంది.

రేపు బయలుదేరుతున్నాను. నేను వచ్చేదాకా ఈ చిట్టా ఆయన చెబుతారు. నీళ్ళ పళ్ళెంలో కొబ్బరిపీచు ఆరిపోనివ్వకూడదని, ఆరితే ఈగలు జారి నీళ్ళలో పడతాయని ఆయనకు మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి నేను నోరు తెరిచేసరికి ఆయనే నాకు చెప్పారు.